నాన్నకి పీఎస్ఏ 14: ముందు ఎమ్మారైనా, నేరుగా పెట్ స్కానా?

చీరాల_శీను · నవంబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాన్నకి 67 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, చీరాల్లోనే ఉంటారు. రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తున్నారని అమ్మ పోరు పెడితే యూరాలజిస్టుకి చూపించాం. పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి పరిస్థితి చెప్పే రక్తపరీక్ష) 14.2 వచ్చింది. ఇన్ఫెక్షన్ వల్ల పెరిగిందేమోనని కల్చర్ చేయించి, ఆరు వారాలాగి మళ్ళీ చేయిస్తే 13.8. వేలితో పరీక్ష చేసి, ప్రోస్టేట్ కుడివైపు కాస్త గట్టిగా తగులుతోందన్నారు.

ఇప్పుడాయన ముందు ఎమ్మారై, తర్వాత బయాప్సీ అంటున్నారు. మా బావ మందుల షాపులో పనిచేస్తాడు. "ఎమ్మారై దండగ, పెట్ స్కాన్ తీయిస్తే తల నుంచి కాలిదాకా ఒక్క దెబ్బకి తేలిపోతుంది" అంటాడు. పక్కింటి పెద్దాయనది ఇంకో మాట: ముక్క తీస్తే కేన్సరు పాకుతుందట. నాన్న మాత్రం ఏమీ అనట్లేదు. బస్సు నడిపినన్నాళ్ళూ అంతే, టెన్షన్ పెరిగేకొద్దీ మాట తగ్గిపోయేది.

ఈ దారిలో వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి.

ఫిల్ము_మామ · నవంబరు 3, రాత్రి 10:25

శీనూ, నేను సర్కారు ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా 34 ఏళ్ళు చేశాను. డార్క్‌రూంలో ఎర్ర లైటు కింద ఫిల్ము ముంచి, బొమ్మ ఎప్పుడు తేలుతుందా అని నిలబడ్డ బాపతు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే చేతులకి ఫిల్ము ముంచే హైపో వాసన వచ్చేది.

అప్పట్లో ప్రోస్టేట్ విషయంలో మా దగ్గర చూపించడానికేమీ ఉండేది కాదు. ఎక్స్‌రేలో అది కనబడదు. నడుం ఎముకలు అక్కడక్కడా సున్నం కొట్టినట్టు తెల్లగా కనబడితే, అప్పటికే ఎముకలకి పాకిందని అనుమానించేవాళ్ళం. అల్ట్రాసౌండ్ వచ్చాక గ్రంథి కనబడింది గాని, అందులో కేన్సరు గడ్డ చాలామందిలో విడిగా తెలిసేది కాదు. అందుకని గ్రంథిని గళ్ళుగా అనుకుని పదో పన్నెండో చోట్ల సూది వేసేవారు. మిల్లులో ధాన్యం బస్తాకి గొట్టం గుచ్చి గుప్పెడు తీసి చూస్తారే, అలాగ. దొరికితే దొరికినట్టు.

ఎమ్మారై ముందే చేయించు. బయాప్సీ చేశాక అక్కడ రక్తం కారి, కొన్ని వారాలపాటు బొమ్మ తికమకగా ఉంటుంది. ముందు సూది, తర్వాత ఎమ్మారై అంటే నీళ్ళు కలబెట్టాక చేపలు చూసినట్టే. ముక్క తీస్తే పాకుతుందన్న మాట నేను డ్యూటీలో చేరినప్పటి నుంచీ వింటున్నాను. దానికి భయపడి ఆగొద్దు.

డా_రేడియో · నవంబరు 4, ఉదయం 7:10

మామగారి మాటకి కాసిని అంకెలు జతచేస్తాను. నేను రేడియాలజిస్టుని. రోజులో సగం పొట్ట, కటిభాగం ఎమ్మారైలు చదవడమే పని.

బ్రిటన్‌లో ప్రామిస్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. 576 మంది మగవాళ్ళకి ఎమ్మారై, మామూలు అల్ట్రాసౌండ్ బయాప్సీ రెండూ చేశారు. అసలు సంగతి తేల్చడానికి గ్రంథి అంతటా ప్రతి 5 మిల్లీమీటర్లకీ ముక్క తీసి సరిపోల్చారు. పట్టించుకోవాల్సిన కేన్సర్లలో ఎమ్మారై 93 శాతాన్ని పట్టుకుంది, మామూలు బయాప్సీ 48 శాతాన్నే. అంటే ఆ పాత పద్ధతి దాదాపు సగం వదిలేస్తోందన్నమాట.

మరుసటి ఏడాది ప్రిసిషన్ అని ఇంకోటి, 500 మందితో. ముందు ఎమ్మారై తీసి, అనుమానం ఉన్నచోట మాత్రమే ముక్క తీసిన గుంపులో 38 శాతం మందికి ముఖ్యమైన కేన్సరు దొరికింది. పాత పద్ధతిలో 26. నాకు అంతకన్నా నచ్చింది ఇంకో అంకె: వైద్యం అక్కర్లేని చిన్నా చితకా కేన్సర్లు పాత పద్ధతిలో 22 శాతం మందికి బయటపడితే, కొత్త పద్ధతిలో 9 శాతానికే. లేనిపోని భయం పెట్టకపోవడం కూడా వైద్యమే కదా.

రిపోర్టులో పైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా ఒక అంకె ఉంటుంది. 1, 2 అంటే అనుమానం తక్కువ. 4, 5 అంటే ముక్క తీయాల్సిందే. 3 అంటే... ఎటూ తేల్చలేని మా చేతగానితనానికి మేం పెట్టుకున్న పేరు.

అనుమానపు_పక్షి · నవంబరు 4, ఉదయం 8:32

డాక్టరుగారూ, అదే ప్రామిస్‌లో ఎమ్మారై అనుమానించినవాళ్ళలో చాలామందికి ముఖ్యమైన కేన్సరు లేదని తేలిన సంగతి కూడా చెప్పాల్సింది. ఆ అధ్యయనంలో చదివినవాళ్ళు దానికోసం ప్రత్యేకంగా తయారైనవాళ్ళు. మా ఊళ్ళో మోకాళ్ళూ వెన్నుపూసలూ చదివే చేత్తోనే ప్రోస్టేటూ చదివేస్తారు. యంత్రం ఎంత ఖరీదైనదైతే ఏం లాభం, చదివేవాడికి కన్ను ఉండాలి కదా.

డా_రేడియో · నవంబరు 4, ఉదయం 8:50

ఒప్పుకున్నాను. పట్టుకోవడంలో దిట్ట, కాదని తేల్చడంలో అంతంతమాత్రం. ప్రామిస్‌లో ముఖ్యమైన కేన్సరు లేనివాళ్ళలో 41 శాతం మందికే లేదని సరిగ్గా చెప్పింది. అందుకే శీనుగారూ, స్కాన్ సెంటరు వాళ్ళని ఒక్కటే అడగండి: "నెలకి ప్రోస్టేట్ ఎమ్మారైలు ఎన్ని చదువుతారు?" జవాబు చెప్పడానికి నీళ్ళు నమిలితే వేరే చోటికి వెళ్ళండి.

వరంగల్_పోరడు · నవంబరు 4, మధ్యాహ్నం 1:15

శీనన్నా, మీ బావ చెప్పినట్టు చేసి మేం దెబ్బతిన్నాం. మా పెద్దబాపుకు మూడేండ్ల కింద ఇదే కథ. బయాప్సీలో కేన్సర్ అని తేలినంక, ఎంతవరకు పాకిందో చూస్తందుకు మేమే తొందరపడి ఒక సెంటర్లో పెట్ స్కాన్ తీయించినం. "ఎక్కడా ఏమీ లేదు" అని రిపోర్టు. ఇంటిల్లిపాదీ సంబరం, కొమురెల్లి మొక్కు కూడా తీర్చుకొచ్చినం. నాలుగు నెలలకు నడుం నొప్పి. పెద్దాస్పత్రికి పోతే అక్కడి డాక్టరు ఆ పాత రిపోర్టు చూసి తల పట్టుకున్నడు. "ఇది షుగర్ పెట్ అయ్యా, ఈ రోగానికి వేరే పెట్ ఉంటది" అన్నడు. ఆ వేరేది తీస్తే వెన్నులో మూడు చోట్ల కనబడ్డది.

స్కాన్ తీసినోళ్ళు ఒక్కమాట చెప్పలేదు. మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ట్రాంబే_నాగమణి · నవంబరు 4, సాయంత్రం 6:48

ఈ మాట చెప్పాలనే లాగిన్ అయ్యాను. నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. ముంబైలో చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో చేస్తున్నాను. (పేరులో అణు కేంద్రం ఉన్న ట్రాంబే చూసి అణుబాంబుల మనిషిని అనుకోకండి.)

పెట్ అనేది కెమెరా మాత్రమే. కెమెరాకి ఏం కనబడాలో నిర్ణయించేది మనం ఎక్కించే మందు. మామూలుగా వాడేది ఎఫ్‌డీజీ, అంటే రేడియో ఫ్లోరిన్ తగిలించిన చక్కెర. ఆకలి మీదున్న కణాలు చక్కెర లాక్కుంటాయి కాబట్టి ఊపిరితిత్తులు, లింఫోమా లాంటి చాలా కేన్సర్లు వెలుగుతాయి. ప్రోస్టేట్ కేన్సరు, ముఖ్యంగా తొలిదశలో, నిదానస్తుడు. చక్కెర మీద అంత యావ ఉండదు. పైగా ఆ చక్కెర మూత్రంలోకి దిగి, ప్రోస్టేట్ నెత్తిన ఉన్న మూత్రాశయం దీపంలా వెలిగిపోతుంది. పక్కనున్నది ఏం కనబడుతుంది?

దీనికి తగిన గురి పీఎస్ఎంఏ అనే ప్రోటీన్. ప్రోస్టేట్ కేన్సరు కణాల పైపొర మీద విపరీతంగా ఉంటుంది. దీని కథ తమాషాగా ఉంటుంది. దాన్ని పట్టుకునే ప్రతిరక్షకం (యాంటీబాడీ) 1987లోనే తయారైంది. దానికి రేడియో పదార్థం తగిలించి స్కాన్ మందుగా 1996లో అమెరికాలో అనుమతి కూడా ఇచ్చారు. కానీ బొమ్మలు మసక మసక. కారణం తర్వాత తెలిసింది: అది పట్టుకునేది ఆ ప్రోటీన్‌లో కణం లోపల ఉండే కొసని! బతికున్న కణం తలుపు వేసుకుని ఉంటే లోపలి గడియ పట్టుకోవాలని చూసినట్టు. చచ్చి గోడలు కూలిన కణాల్లోనే దానికి పని.

బయటికి ఉన్న వైపుని పట్టుకునే చిన్న అణువులు తర్వాత వచ్చాయి. జర్మనీలో హైడెల్‌బర్గ్ వాళ్ళు చేసిన పీఎస్ఎంఏ-11కి గాలియం-68 తగిలించి వాడటం మొదలయ్యాక బొమ్మ మారిపోయింది. గాలియం-68 అర్ధాయువు (అది సగానికి తగ్గే సమయం) కూడా 68 నిమిషాలే, గుర్తుపెట్టుకోవడం తేలిక. జెర్మేనియం నింపిన చిన్న జనరేటరు నుంచి మేం పొద్దున్నే దాన్ని తీసుకుంటాం. మా భాషలో పాలు పితకడం అంటాం. పితికాక పరుగే పరుగు, పేషెంటు ట్రాఫిక్‌లో ఉంటే పాలు విరిగినట్టే.

కాబట్టి శీనుగారూ, మీ బావగారి మాటలో సగం నిజం ఉంది. పెట్ అవసరం రావచ్చు. కానీ అది బయాప్సీ తర్వాత, అవసరమైతే, సరైన మందుతో. చీటీ మీద "పీఎస్ఎంఏ" అని రాసి ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

మోడరేటర్ · నవంబరు 4, సాయంత్రం 7:05

మంచి చర్చ. ఒక్క మనవి: సెంటర్ల పేర్లు, డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ వద్దు. రిపోర్టు ఫొటోలు పెట్టేటట్టయితే పేరు, ఆస్పత్రి ఇచ్చే యూహెచ్ఐడీ నంబరు చెరిపేసి పెట్టండి.

చీరాల_శీను · నవంబరు 9, రాత్రి 8:15

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఎమ్మారై అయింది. అయిందంటే అంత తేలిగ్గా కాలేదు.

గౌను వేసుకోమన్నారు. ఉంగరం, వాచీ, పళ్ళ సెట్టు అన్నీ ట్రేలో పెట్టారు నాన్న. టెక్నీషియన్ కుర్రాడు "మొలతాడు ఉందా తాతా?" అన్నాడు. ఉంది. వెండిది. పెళ్ళినాడు మా తాతయ్య కట్టించిందట. దానికో రాగి తాయెత్తు, లారీ గుద్దబోయి తప్పిపోయిన ఏడాది నానమ్మ కట్టింది. "అది తీయను" అన్నారు. పొద్దుటినుంచి ఆయన మాట్లాడిన మొదటి మాట అది. వెండి అయస్కాంతానికి అంటుకోదు కదా అని నేనూ వాదించాను. ఆ కుర్రాడు విసుక్కోలేదు. "అంటుకోదండీ, కానీ మనం తీసే బొమ్మ సరిగ్గా అక్కడిదే. లోహం ఉంటే బొమ్మ చెడుతుంది, వేడెక్కి ఒళ్ళు కాలొచ్చు కూడా" అన్నాడు. కొక్కెం బిగుసుకుపోయి రాలేదు. చివరికి వాళ్ళ దగ్గరున్న కట్టింగ్ ప్లయర్‌తో కోశాడు. నాన్న దాన్ని రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టి, "మీ అమ్మకి చెప్పకు" అన్నారు.

లోపల అరగంట పైనే పట్టింది. బయటికొచ్చాక ఎలా ఉందంటే, "పాత లేలాండు ఇంజను గేరు పడకుండా మొరాయిస్తే వచ్చే చప్పుడు" అన్నారు.

ఫిల్ము_మామ · నవంబరు 9, రాత్రి 8:40

మొలతాడు కోయడం నా సర్వీసులో ఎన్నో! ఆడవాళ్ళ మెట్టెలకి సబ్బు నురగ, మగవాళ్ళ మొలతాళ్ళకి ప్లయరు. ఒకసారి ఒకాయన నల్లతాడే కదా అని లోపలికెళ్ళాడు, తాయెత్తులో ఇనప మేకు ముక్క ఉంది. గుమ్మం దగ్గరే అది అయస్కాంతం వైపు నిక్కి నిలబడింది. అందరం ఘొల్లుమన్నాం గాని, తర్వాత నాకు చెమటలు పట్టాయి.

మీ నాన్నగారికి చెప్పు, కంసాలి అతికిస్తాడు.

చీరాల_శీను · నవంబరు 11, సాయంత్రం 5:30

రిపోర్టు వచ్చింది. కుడివైపు అంచు భాగంలో 16 మిల్లీమీటర్ల గడ్డ, పైరాడ్స్ 5. పైపొర దాటలేదని రాశారు. ఇంజెక్షన్ లేకుండానే తీశారు, కాంట్రాస్ట్ ఇవ్వలేదు. అది తప్పా?

డా_రేడియో · నవంబరు 11, రాత్రి 9:20

తప్పు కాదు. ప్రైమ్ అనే అధ్యయనం 2025లో వచ్చింది. గాడోలినియం ఇంజెక్షన్‌తో తీసిన పూర్తి ఎమ్మారైకీ, అది లేకుండా తీసిన చిన్న ఎమ్మారైకీ ముఖ్యమైన కేన్సర్లు దొరకడంలో తేడా లేదు, రెండూ 29 శాతం దగ్గరే. బొమ్మ నాణ్యత బాగుండాలన్నది షరతు. సూది తప్పింది, ఖర్చూ సమయమూ తగ్గాయి. మా రంగంలో తీసేసే పరిశోధన అరుదు, ఎప్పుడూ ఏదో ఒకటి జతచేయడమే. అందుకని నాకు అదంటే ప్రేమ.

పైరాడ్స్ 5 అంటే బయాప్సీ ఆలస్యం చేయకండి.

చీరాల_శీను · నవంబరు 22, రాత్రి 10:05

బయాప్సీ రిపోర్టు వచ్చింది. గడ్డలోంచి తీసిన నాలుగు ముక్కల్లో నాలుగూ పాజిటివ్. గ్లీసన్ (కేన్సరు ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె) 4+3, మొత్తం 7.

రెండు రోజులు ఇక్కడ రాయాలనిపించలేదు. అమ్మకి "చిన్న గడ్డ, వైద్యం ఉంది" అని మాత్రం చెప్పాం. రెండూ నిజాలే. డాక్టరుగారు ఇప్పుడు పీఎస్ఎంఏ పెట్ రాశారు. నాగమణిగారూ, చీటీలో ఆ మాట చూసుకున్నాను.

డల్లాస్_బాబాయ్ · నవంబరు 23, ఉదయం 6:20

శీను బాబూ, నాది ఊరు తెనాలి, ఉండేది టెక్సాస్. నాకు ప్రోస్టేట్ తీసేసి ఎనిమిదేళ్ళయింది. అయిదేళ్ళ తర్వాత సున్నా దగ్గరుండే పీఎస్ఏ పాకుతూ 0.6కి వచ్చింది. సీటీ తీశారు, బోన్ స్కాన్ తీశారు, ఎక్కడా ఏమీ లేదు. రక్తంలో దొంగ ఉన్నాడు, ఇంట్లో ఎక్కడా కనబడడు. ఆ నెలలు ఎంత నరకమో నా భార్యకి తెలుసు. అప్పటికి ఇక్కడ ఈ పీఎస్ఎంఏ స్కాన్ మొదలైంది. 2020 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు యూనివర్సిటీలకి అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది ఫ్లోరిన్ రకం అన్నిచోట్లకీ వచ్చింది. తీస్తే కటిభాగంలో ఒకే ఒక్క లింఫు గ్రంథి, కందిగింజంత. దానికీ చుట్టుపక్కలకీ రేడియేషన్ ఇచ్చారు. ఇప్పటికి బాగున్నాను.

కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని నాకు ఆ కందిగింజ నేర్పింది. మీ నాన్నగారికి వైద్యం మొదలుకాక ముందే ఆ స్కాన్ దొరుకుతోంది. నాకు ఆ అవకాశం లేకపోయింది.

ట్రాంబే_నాగమణి · నవంబరు 23, మధ్యాహ్నం 2:30

బాబాయ్‌గారి మాటకి ఆధారం ప్రోపీఎస్ఎంఏ అనే ఆస్ట్రేలియా అధ్యయనం, 2020లో వచ్చింది. ప్రమాదం ఎక్కువున్న 302 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి సీటీ, బోన్ స్కాన్, ఇంకొకరికి పీఎస్ఎంఏ పెట్ తీశారు. పాకిందా లేదా అన్నది సరిగ్గా చెప్పడంలో పాతవి 65 శాతం, కొత్తది 92 శాతం. ఒంటికి తగిలే రేడియేషన్ కూడా సగం కన్నా తక్కువే.

శీనుగారూ, స్కాన్ రోజున నీళ్ళు బాగా తాగించండి. మందు ఎక్కించాక గంటో రెండు గంటలో కూర్చోబెడతారు. ఇంటికెళ్ళాక ఆ రాత్రి చంటిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకుండా ఉంటే చాలు.

చీరాల_శీను · నవంబరు 29, రాత్రి 11:50

నిద్ర పట్టట్లేదు. పెట్ రిపోర్టు వచ్చింది. ప్రోస్టేట్‌లో గడ్డ వెలిగింది, అది తెలిసిందే. లింఫు గ్రంథుల్లో ఏమీ లేదు. కానీ కింద ఒక లైను: "ఎడమ ఏడో పక్కటెముకలో స్వల్పంగా మందు చేరింది. మెటాస్టాసిస్ కాదని చెప్పలేం."

ఇరవై వేల పైచిలుకు కట్టి ఈ ఒక్క లైను కొనుక్కున్నట్టుంది. ఎముకకి పాకితే ఆపరేషనూ రేడియేషనూ ఏవీ ఉండవా? నాన్న ఇంగ్లీషు చదవగలరు. చదివి కవర్లో పెట్టేసి, టీవీ ముందు కూర్చున్నారు. టీవీ ఆన్ చెయ్యలేదు.

ట్రాంబే_నాగమణి · నవంబరు 30, ఉదయం 5:55

శీనుగారూ, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. రిపోర్టు పైభాగంలో ఏ మందు వాడారో రాసి ఉంటుంది, చూసి చెప్పండి. పీఎస్ఎంఏ-11 అనా, పీఎస్ఎంఏ-1007 అనా?

చీరాల_శీను · నవంబరు 30, ఉదయం 6:10

ఎఫ్-18 పీఎస్ఎంఏ-1007.

ట్రాంబే_నాగమణి · నవంబరు 30, ఉదయం 6:40

అనుకున్నాను. 1007కి ఒక సుగుణం: ఎక్కువగా కాలేయం గుండా పోతుంది, మూత్రాశయంలోకి పెద్దగా దిగదు, కాబట్టి ప్రోస్టేట్ చుట్టుపక్కల బొమ్మ శుభ్రంగా వస్తుంది. దానికో దుర్గుణం కూడా ఉంది: ఎముకల్లో, అందులోనూ పక్కటెముకల్లో, ఏ జబ్బూ లేకపోయినా అక్కడక్కడా కాస్త మెరుస్తుంది. ఇది ప్రపంచమంతా చూసి, రాసి, తలలు పట్టుకున్న సంగతే. ఎముక ఎప్పుడో విరిగి మానినా మెరుస్తుంది. పేరులో ప్రోస్టేట్ ఉందని ఈ ప్రోటీన్ అక్కడే ఉంటుందనుకోకండి. లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు, మానుతున్న ఎముక, అన్నిటిలోనూ మందు చేరుతుంది.

మీ నాన్నగారిది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరు చేయాల్సింది: సీడీ తీసుకుని, రిపోర్టు రాసిన డాక్టరు దగ్గరికే వెళ్ళి, ఆ పక్కటెముక దగ్గర సీటీలో ఏం కనబడుతోందో చూపించమనండి. పెట్‌తో పాటే సీటీ కూడా తీసి ఉంటారు. ఇంకోటి, నాన్నగారు ఎప్పుడైనా పడ్డారా అని అడగండి.

అనుమానపు_పక్షి · నవంబరు 30, ఉదయం 9:15

శీనుగారి బాధ మీద వ్యాఖ్యానం కాదు, ఆయన నన్ను క్షమించాలి. కానీ నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే. చూపు పదునెక్కేకొద్దీ పనికిరానివి కూడా కనబడతాయి.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. స్కూల్లో ఎ సెక్షన్ తెలివైనవాళ్ళది, బి సెక్షన్ మామూలువాళ్ళది అనుకోండి. ఎ సెక్షన్‌లో ఆఖరి ఐదుగురిని బి సెక్షన్‌లోకి మార్చండి. ఎ సగటు పెరుగుతుంది, వీళ్ళు బి వాళ్ళకన్నా నయం కాబట్టి బి సగటూ పెరుగుతుంది. ఒక్క పిల్లాడికీ ఒక్క మార్కు పెరగలేదు! కొత్త స్కాన్లతో జరిగేదీ ఇదే. నిన్నటిదాకా "పాకలేదు" అన్నవాళ్ళలో కొందరు "పాకింది"లోకి మారతారు. రెండు గుంపుల్లోనూ బతికే కాలం పెరిగినట్టు కనబడుతుంది. స్కాన్ బాగా చూసిందా అన్నది ఒక ప్రశ్న, దానివల్ల మనిషి ఎక్కువకాలం బతికాడా అన్నది వేరే ప్రశ్న.

డా_రేడియో · నవంబరు 30, ఉదయం 10:02

ఈ సెక్షన్ల లెక్క మా పీజీ పిల్లలకి చెప్పడానికి వాడుకుంటాను, అభ్యంతరం లేకపోతే. మీరన్న రెండో ప్రశ్నకి పీఎస్ఎంఏ పెట్ దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదన్నదీ నిజమే. కానీ పక్షిగారూ, బాబాయ్‌గారి కందిగింజని చూడకుండా గుడ్డిగా రేడియేషన్ ఇచ్చే రోజులు కూడా నేను చూశాను. వాటిని మళ్ళీ కోరుకోను.

చీరాల_శీను · డిసెంబరు 2, సాయంత్రం 4:45

వెళ్ళాం. ఆవిడ చాలా ఓపిగ్గా స్క్రీను తిప్పి చూపించారు. సీటీలో ఎముక కిటికీ అంటారట, దాంట్లో పెట్టి పెద్దది చేస్తే ఆ పక్కటెముక అంచున చిన్న బుడిపె, పక్కనే సన్నటి గీత. "ఇది ఎప్పుడో ఎముక విరిగి మానిన గుర్తులా ఉంది. ఎప్పుడైనా పడ్డారా?" అని నాన్నని అడిగారు. లేదన్నారు. మళ్ళీ అడిగారు. నాన్న నావైపు చూసి, ఆవిడవైపు చూసి, గొంతు తగ్గించి చెప్పారు:

"సంక్రాంతికి అటక మీది గుండిగ దించుతూ నిచ్చెన మీంచి జారాను. గుండిగ అంచు ఇక్కడ తగిలింది. మా ఆవిడ వద్దంటే ఎక్కాను కదా, అందుకని చెప్పలేదు."

పది నెలలు! పక్కకి తిరిగి పడుకోలేక కుర్చీలో కునుకు తీస్తుంటే గ్యాస్ అన్నారు, మేం నమ్మాం. వేల రూపాయల రేడియో మందుకి అంతుచిక్కనిది ఒక ప్రశ్నతో తేలింది. ఆవిడ రిపోర్టుకి అనుబంధం రాసిచ్చారు: విరిగి మానిన ఎముక, మెటాస్టాసిస్ అనుమానం చాలా తక్కువ, మూడు నెలలకి సీటీలో మరోసారి చూడాలి.

డల్లాస్_బాబాయ్ · డిసెంబరు 2, సాయంత్రం 5:30

నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంతకీ మీ అమ్మగారికి చెప్పారా?

చీరాల_శీను · డిసెంబరు 2, రాత్రి 8:10

చెప్పక తప్పుతుందా? అటక నిచ్చెన పక్కింటికి ఇచ్చేసింది.

వరంగల్_పోరడు · డిసెంబరు 3, మధ్యాహ్నం 12:20

మంచి వార్త అన్నా. మా పెద్దబాపు సంగతి కూడా చెప్తా. హార్మోన్ ఇంజెక్షన్లు, కీమో అన్నీ అయినంక పోయిన నెల లుటీషియం రెండో డోసు అయింది. స్కాన్‌కు వాడిన మందు లాంటిదే, గాలియం బదులు లుటీషియం పెట్టి ఎక్కిస్తరట. స్కాన్‌లో ఎక్కడెక్కడ వెలిగిందో అక్కడికే పోయి కాలుస్తది అన్నరు. నొప్పి మందులు సగం తగ్గినయి. కానీ నోరు ఎండిపోతుంది, జొన్నరొట్టె మింగలేకపోతున్నడు, మజ్జిగల నానబెట్టి తింటుండు. నాగమణక్కా, అది తగ్గుతదా?

ట్రాంబే_నాగమణి · డిసెంబరు 3, సాయంత్రం 7:25

నోరు ఎండడం తెలిసిన ఇబ్బందే తమ్ముడూ. లాలాజల గ్రంథులు కూడా ఆ మందుని లాక్కుంటాయి కాబట్టి. చాలామందిలో ఒక మోస్తరుగానే ఉంటుంది, కొందరికి నెమ్మదిగా తగ్గుతుంది. గుక్కగుక్కగా నీళ్ళు, ఘాటు తగ్గించడం, మీరు చేస్తున్న మజ్జిగ నానుడు మంచిదే. డాక్టరుకి తప్పకుండా చెప్పండి, తర్వాతి డోసు లెక్క వేసేటప్పుడు చూస్తారు.

చూసి కొట్టడం అనే ఆలోచన కొత్తది కాదు. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్‌తో వైద్యం 1941లోనే బోస్టన్‌లో మొదలైంది. లుటీషియం-177 కాస్త దూరం మాత్రమే పోయే బీటా కణాలు వదులుతుంది, అర్ధాయువు ఆరున్నర రోజుల పైన. మన దేశంలో అది ట్రాంబేలో ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది. అమెరికాలో 2022లో అనుమతి రాకముందే మన పెద్దాస్పత్రుల్లో కొన్నిచోట్ల ఈ వైద్యం చేశారు. ఆ సీసం డబ్బా మూత తెరిచేటప్పుడు నాకు ఇప్పటికీ వెన్నులో చిన్న జలదరింపు.

పక్షిగారు అడగకముందే చెబుతాను: విజన్ అనే అధ్యయనంలో 831 మంది. హార్మోన్ మందులూ కీమో వాడేసినవాళ్ళు. లుటీషియం ఇచ్చినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 15.3 నెలలు, ఇవ్వనివాళ్ళది 11.3.

అనుమానపు_పక్షి · డిసెంబరు 3, రాత్రి 9:00

నాలుగు నెలలు, లక్షల్లో ఖర్చు. అడగబోయాను. కానీ నొప్పి మందులు సగం తగ్గాయన్న మాట చదివాక ఊరుకున్నాను.

చీరాల_శీను · డిసెంబరు 10, రాత్రి 9:30

ట్యూమర్ బోర్డులో (వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కేసు చూసే మీటింగు) పెట్టారట. ఆపరేషన్ అయినా రేడియేషన్ అయినా సరేనన్నారు, రేడియేషన్‌తోపాటు ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్. నాన్న రేడియేషన్ అన్నారు. "కోత వద్దు" అని ఒకటే మాట. గడ్డకి మాత్రం కాస్త డోసు పెంచి ఇస్తారట, ఎమ్మారై బొమ్మని ప్లానింగు సీటీ మీద పెట్టి గీస్తారన్నారు. ఇది నిజంగా ఉన్నదేనా, లేక మా చేత డబ్బు కట్టించే మాటా?

డా_రేడియో · డిసెంబరు 10, రాత్రి 10:15

ఉన్నదే. ఫ్లేమ్ అనే అధ్యయనంలో 571 మందికి ఇలాగే చేశారు. గ్రంథి మొత్తానికీ మామూలు డోసు, ఎమ్మారైలో కనబడిన గడ్డకి అదనంగా. ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టనివాళ్ళు మామూలు పద్ధతిలో 85 శాతం, ఈ పద్ధతిలో 92. దుష్ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజూ ఎమ్మారైతోనే చూస్తూ రేడియేషన్ ఇచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. లాస్ ఏంజెలిస్‌లో చేసిన మిరాజ్ అధ్యయనంలో చుట్టూ వదిలే అంచు 4 మిల్లీమీటర్ల నుంచి 2కి తగ్గించగలిగారు, మూత్రం ఇబ్బందులు 43 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి. మీకు ఆ యంత్రం లేకపోయినా దిగులొద్దు. గడ్డ ఎక్కడుందో ముందే తెలియడం సగం పని.

వరంగల్_పోరడు · డిసెంబరు 10, రాత్రి 10:40

డాక్టర్ సాబ్, ఇవన్నీ రేపు ఏఐ చదువుతదంట కదా?

డా_రేడియో · డిసెంబరు 10, రాత్రి 11:05

2024లో ప్రోస్టేట్ ఎమ్మారైల మీదే పెద్ద పోటీ పెట్టారు, 62 మంది రేడియాలజిస్టులు ఒకవైపు, ఏఐ ఒకవైపు. ఏఐ గెలిచింది. కానీ పాత స్కాన్లు, పీఎస్ఏ, మిగతా వివరాలన్నీ చేతిలో ఉంచుకుని ఆస్పత్రిలో మామూలుగా చదివిన రిపోర్టులతో పోలిస్తే ఆ ఆధిక్యం కనబడలేదు. నా ఉద్యోగం గురించి బెంగ పెట్టుకున్నవాడి మాటగానే తీసుకోండి గాని, "సంక్రాంతికి పడ్డారా" అని అది అడిగిన రోజున నేను రిటైరవుతాను.

చీరాల_శీను · డిసెంబరు 16, సాయంత్రం 6:20

20 సిట్టింగులు, నాలుగు వారాలు. సంక్రాంతి తర్వాత మొదలు. నిన్న ప్లానింగుకి ముందు చేసే చిన్న ప్రొసీజరు అయింది. రేడియేషన్ ఇచ్చే ప్రతిరోజూ ప్రోస్టేట్ సరిగ్గా ఎక్కడుందో యంత్రానికి తెలియడానికి గుర్తుగా మూడు బంగారు గింజలు సూదితో లోపల పెట్టారు. బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. ఇక జీవితాంతం లోపలే ఉంటాయట.

ఇంటికొస్తూ కారులో నాన్న చాలా రోజుల తర్వాత తనంతట తాను మాట్లాడారు. "వెండి కోసేశారు, బంగారం పెట్టారు. బేరం మనకే లాభం రా" అన్నారు.

ఇంట్లో అమ్మకి చెబితే, "ఎన్ని కేరట్లట?" అంది.

ఫిల్ము_మామ · డిసెంబరు 16, సాయంత్రం 6:45

ఆ వెండిది కూడా అతికించారా లేదా?

చీరాల_శీను · డిసెంబరు 16, సాయంత్రం 7:00

ఇంకా రుమాల్లోనే ఉంది మామగారూ. మూడు నెలలకి మళ్ళీ స్కాన్ ఉందిగా, అప్పటిదాకా ఆగుదాం అన్నారు.